బాణం చూపిన కొండ

మబ్బులోంచి మొదట తెల్లటి పూలు కనిపించాయి.

ప్రేమ్‌సాగర్‌రావు వాటిని అర సెకను చూశాడు. టేకు పూలు. రన్‌వే పక్కన టేకు చెట్లు ఉండవు. ఆ సంగతి బుర్రకు ఎక్కేలోపే అతని చేతులు కదిలాయి. కుడిచెయ్యి ఇంజన్‌కు ఉన్న బలమంతా ఇచ్చింది. ఎడమచెయ్యి కంట్రోల్‌ను గుండెకేసి లాగింది. నాలుగు సీట్ల చిన్న విమానం ముక్కు పైకెత్తి గొంతు చించుకుంది. కడుపు కింద బర్రుమని ఏదో రాసుకుంది. కొమ్మ చక్రానికి తగిలి విరిగింది.

స్పీడు పడిపోతున్నప్పుడు మోగే కూత మొదలైంది. రెక్కలు వణుకుతున్నాయి. అద్దం ముందు పూలు పోయి ఆకులు, ఆకులు పోయి తడి నల్లరాయి, ఆ రాయీ పోయి మళ్లీ తెల్లటి మబ్బు.

ఎత్తు చూపే ముల్లు రెండు వేల మూడు వందల అడుగులు చూపించింది. తర్వాత రెండు వేల ఐదు వందలు. కూత ఆగింది.

"ఏమైంది?" పక్కసీట్లో ఉన్న మనోరమ అడిగింది. ఆమె వేళ్లు ఒళ్లోని ఫైలును పట్టుకుని తెల్లబడ్డాయి.

"కొండ."

"ఆదిలాబాద్ రన్‌వే కాడ కొండెక్కడిది?"

"అదే నాకు సమజైతలేదు మేడం."

వెనక సీట్లోంచి రాయమల్లు గొంతు వచ్చింది. "వకీలమ్మా, గీ చెట్ల మీదనే దిగుడా మనం? ముందుగాల చెప్తే గొడ్డలి తెచ్చుకుందు గదా."

ఎవరూ నవ్వలేదు. రాయమల్లు కూడా నవ్వలేదు. యాభై ఏళ్లవాడు, మంచిర్యాల పక్క రాతి క్వారీలో తూటాలు పేల్చే పని చేసినవాడు. రెండేళ్లుగా దాక్కుని బతుకుతున్నవాడు. విమానం ఎక్కడం ఇదే మొదలు.

అతను ఈరోజు, 1997 ఆగస్టు 19న, పదకొండు గంటలకు ఆదిలాబాద్ గెస్ట్‌హౌస్‌లో విచారణ అధికారి ముందు నిలబడాలి. క్వారీ పేలుడులో ఏడుగురు కూలీలు చచ్చిపోయారు. కింద మనుషులుండగా పేల్చమని ఆర్డరిచ్చింది ఎవరో తెలిసినవాడు రాయమల్లు ఒక్కడే. విచారణకు ఇది ఆఖరి రోజు. సాక్షి రాకపోతే ఫైలు మూసేస్తామని అధికారి కాగితం మీద రాసి పంపాడు. వారం రోజుల వానకు గోదావరి మీద రాకపోకలు ఆగాయి, కడెం వైపు రోడ్డు తెగింది. అందుకే మనోరమ వాళ్ల చిన్నాయనను విమానం అడిగింది. ఆయన కాదనలేదు.

అయిదు వేల అడుగుల దగ్గర విమానం మబ్బు పైకి తేలింది. ఎండ కళ్లలో కొట్టింది. కింద నాలుగు దిక్కులా దూది పరిచినట్టు తెలుపు. నేల ఎక్కడా లేదు.

ప్రేమ్‌సాగర్‌రావు కంట్రోల్ మీద బిగించిన చిన్న యంత్రాన్ని చూశాడు. అరచేతిలో పట్టేంత జీపీఎస్. ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని, మనం ఎక్కడున్నామో, పోవాల్సిన చోటు ఎటుందో బాణం గుర్తుతో చూపిస్తుంది. మనోరమ చిన్నాయన సింగపూర్ నుంచి తెచ్చాడు. ఇప్పుడు ఆ బాణం వెనక్కి తిరిగి ఉంది. ఆదిలాబాద్ రన్‌వే దాటిపోయింది, వెనక కిలోమీటరు దూరంలో ఉంది అంటోంది.

వెనక కిలోమీటరు దూరంలో ఉన్నది కొండ.

అతను చేతిగడియారం చూసుకున్నాడు. పది గంటల ఎనిమిది నిమిషాలు. వాన కొంచెం తెరిపివ్వగానే తొమ్మిది ముప్పై అయిదుకు కరీంనగర్‌లో గాల్లోకి లేచారు. అంటే ముప్పై మూడు నిమిషాలు.

"థూ, నా బతుకు!" అన్నాడు.

"ఏంది?"

"ఆదిలాబాద్‌కు నలభై అయిదు నిమిషాలు పట్టాలె. నిన్న నేనొక్కడినే పోయి రన్‌వే చూసొచ్చిన గదా, నలభై ఆరు పట్టింది. ఇయ్యాల ముప్పై మూడు నిమిషాలకే 'వచ్చినం, దిగు' అంటే నేను దిగిన. గాలి వెనక నుంచి తోస్తుందనుకున్న. శ్రావణ మాసంల పడమటి గాలి మనల్ని ఉత్తరానికి ఎట్ల తోస్తది? ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. బాణం చూసుడు అలవాటైంది, బుర్ర వాడుడు మర్చిన."

ఆదిలాబాద్ చుట్టూ నేల చదును. ఎనిమిది, తొమ్మిది వందల అడుగుల ఎత్తు. రెండు వేల అడుగుల దాకా మబ్బులో దిగినా ఏమీ తగలదని అతను లెక్క వేసుకున్నాడు. లెక్క సరైనదే. కానీ వాళ్లు ఆదిలాబాద్ మీద లేరు. నిర్మల్ ఘాటు కొండల మీద ఉన్నారు.

"దీన్ని చేతిలోకి తీసుకోండి మేడం," అతను యంత్రాన్ని విప్పి మనోరమకు ఇచ్చాడు. "పక్క బటన్ రెండుసార్లు నొక్కితే దాచుకున్న స్థలాల పట్టీ వస్తది. ఆదిలాబాద్ అని ఉన్నకాడ ఆగి లోపలికి పోండి. ఏం రాసి ఉందో చదవండి."

మనోరమ నొక్కింది. ఆమె వేలికి ఎర్రగా ఏదో అంటింది. చీర కొంగుకు తుడుచుకుని చదివింది. "ఉత్తరం పందొమ్మిది డిగ్రీల ఇరవై నిమిషాలు..."

"ఎంత?"

"ఇరవై."

"నలభై ఉండాలె. పందొమ్మిది డిగ్రీల నలభై. నిన్న రన్‌వే మీద నిలబడి బటన్ నొక్కి దాచిన. నా వయసు గూడా నలభై, అందుకే ఆ ఒక్క అంకె గుర్తుంది."

"ఇరవై నిమిషాలంటే ఎంత దూరం?"

"ముప్పై ఏడు కిలోమీటర్లు. నాలుగు తీసి రెండు పెడితే సాపు నేల తీసి కొండ పెట్టినట్టే."

మనోరమ మెల్లగా అడిగింది. "దానంతట అదే మారుతదా?"

"మారదు. ఎవరో మార్చిండ్రు."

రాయమల్లు ముందుకు వంగాడు. రెండు సీట్ల మధ్య అతని మొహం కనిపించింది. తలకు చుట్టిన తువ్వాలు జారిపోయింది. "నేను చెప్తలేనా వకీలమ్మా? నేను గెస్ట్‌హౌస్ గడప తొక్కను. తొక్కనియ్యరు. రోడ్డు మీద లారీ గుద్దుతదనుకున్న, మొగులు మీద గూడ ఒదులుతలేరు."

"రాయమల్లూ, ఇప్పుడన్న చెప్పు. ఎవలు వాళ్లు?"

"ఆడ చెప్త. నీకు చెప్పను."

రెండు నెలలుగా ఇదే జవాబు. నాకెందుకు చెప్పవంటే, చెప్తే నీ నిద్ర పోతదమ్మా అనేవాడు.

ప్రేమ్‌సాగర్‌రావు విమానాన్ని చిన్న గుండ్రంలో తిప్పుతున్నాడు. "మేడం, మాట వినండి. వెనక్కి పోదాం. కరీంనగర్ కాడ మబ్బు పైకి ఉంది, సుఖంగా దిగుతం. ఇక్కడ కింద కొండలు, పైన మబ్బు, చేతిల అబద్ధాలాడే మిషన్."

"దీంట్ల అంకె సరిచేసి పోలేమా?"

"నలభై అన్నదొక్కటే గుర్తుంది. తూర్పు పడమర అంకె గుర్తు లేదు. దాన్ని గూడా మార్చిండ్రేమో ఎవరికెరుక? కాగితం మీద రాసుకోలే. మిషన్ ఉండంగ కాగితమెందుకనుకున్న."

"వెనక్కి పోతే పదకొండు దాటుతది. ఫైలు మూస్తరు. మూయాలనే గదా ఇదంత చేసింది?"

"ప్రాణాలు పోతే ఫైలు ఎవరు తెరుస్తరు?"

మనోరమ వెనక్కి తిరిగి రాయమల్లును చూసింది. అది అతని ప్రాణం. అడగాల్సింది అతన్నే.

"ఏం జేద్దాం?"

రాయమల్లు గడ్డం గోక్కున్నాడు. "లచ్చవ్వ పొద్దుగాల్ల సందే ఆడ కూసోని ఉంటది. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న ముసల్ది. నేను బటన్ నొక్కితేనే పోయిండ్రు ఆ పోరగాండ్లు. ఆమె మొకం చూడకుంట వెనక్కి పోతే నేను బతికి ఏం జేసుడు? పోనియ్యి సారూ, ముందటికే పోనియ్యి."

ప్రేమ్‌సాగర్‌రావు ఒక నిమిషం ఆలోచించాడు. ఆ నిమిషంలో విమానం ఒక చుట్టు పూర్తి చేసింది. ఉన్నట్టుండి చెయ్యి చాపాడు. "మేడం, మ్యాప్ పేజీకి పోండి. అడుగున ఉన్న బటన్. చుక్కల గీత ఏమన్నా కనిపిస్తుందా?"

మనోరమ కళ్లు చిట్లించి చూసింది. బూడిదరంగు తెర మీద నల్లటి చుక్కలు. "రెండు గీతలున్నయి. కరీంనగర్ నుంచి బయల్దేరి కత్తెర నోరు తెరిచినట్టు విడిపోయినయి. ఎడమ దిక్కుది ఇక్కడ మనం తిరిగే సున్నా కాడ ఆగింది. కుడి దిక్కుది ఇంకా పైకి పోయింది."

"పైన ఏముంది? చివరికి?"

"చిన్న ముడి లాగ ఉంది."

ప్రేమ్‌సాగర్‌రావు కంట్రోల్ మీద అరచేత్తో కొట్టాడు. "నిన్న నేను రన్‌వే మీద చక్కరు కొట్టి దిగిన ముడి అది! ఈ మిషన్ పోయిన దారంత చుక్కలు పెట్టుకుంటది. స్థలం మార్చినోడికి ఆ ముచ్చట తెల్వదు. దారి తుడవలే."

విమానం ఉత్తరానికి తిరిగింది. మనోరమ యంత్రాన్ని రెండు చేతులతో అద్దానికి ఆనించి పట్టుకుంది. అలా పట్టుకుంటేనే సంకేతాలు అందుతాయి. "కొంచెం కుడి దిక్కు... ఇంకా... ఆఁ, ఇప్పుడు నిన్నటి గీత కలుస్తున్నం."

అప్పుడు యంత్రం కీచుమంది. తెర మీద సెల్లు బొమ్మ ఒకటి వెలిగి ఆరుతోంది.

"సెల్లులు అయిపోయినయంటుంది!"

"నిన్న పొద్దుగాలనే కొత్తవి వేసినం. అయిపోవద్దు!" ప్రేమ్‌సాగర్‌రావు మొహం గట్టిపడింది. "బయల్దేరేటప్పుడు తీసి చూస్తే అప్పటికే ఆన్ చేసి ఉంది. అహరోను చూసి బంద్ చేసుడు మర్చిండనుకున్న." అహరోను విమానం మెకానిక్. పన్నెండేళ్లుగా ఆ షెడ్డులోనే పడుకుంటాడు.

మనోరమ ఒళ్లో ఉన్న సంచీ తెరిచింది. వాంగ్మూలం రికార్డు చేయడానికి తెచ్చిన టేప్‌రికార్డరు బయటికి తీసింది. దాని వెనక మూత ఊడదీసింది. నాలుగు పెన్సిల్ సెల్లులు.

"ఇవి సరిపోతయా?"

"సరిపోతయి. కానీ..." అతను తడబడ్డాడు. "పాతవి తీసినప్పుడు మిషన్ ఆరిపోతది. మల్ల ఆన్ చేస్తే ఆ చుక్కలు ఉంటయో పోతయో నాకు ఖాయంగ తెల్వదు. గాల్ల ఎప్పుడూ మార్చలే."

"మార్చకుంటే?"

"రెండు నిమిషాలకు ఎట్లాగూ ఆరుతది."

"అయితే అడుగుడెందుకు?" అంది మనోరమ. పాత సెల్లులు ఊడబీకింది. తెర చచ్చిపోయింది.

ఒక సెల్లు వేళ్ల మధ్య నుంచి జారి సీటు కింద పడింది. విమానం మబ్బు గడ్డ ఒకటి తగిలి ఎగిరిపడింది. సెల్లు వెనక్కి దొర్లింది. రాయమల్లు బెల్టు విప్పుకుని కింద కూర్చున్నాడు. చీకట్లో తూటా వైర్లు వెతికిన చేతులు అవి. తలుపు పక్కన దాన్ని దొరకబట్టి అందించాడు.

నాలుగూ పెట్టి బటన్ నొక్కింది. తెర వెలిగింది. ఉపగ్రహాలను వెతుకుతున్నానంది. ఒకటి దొరికింది. రెండు. ప్రేమ్‌సాగర్‌రావు దిక్సూచిని చూస్తూ నిటారుగా పోనిస్తున్నాడు. మూడు. నాలుగు.

చుక్కలు తిరిగొచ్చాయి. కత్తెర, సున్నా, చివర ముడి. అన్నీ.

మనోరమ యంత్రాన్ని మళ్లీ అద్దానికి ఆనించింది.

"ఇంకా ఎంతసేపు?" రాయమల్లు అడిగాడు.

"పది నిమిషాలు."

"సారూ, తప్పనుకోకు. గీ ఇమానం ఎవలది? సర్కారుదా?"

"సర్కారు మనకిస్తదా?" అంది మనోరమ, కళ్లు తెర మీంచి తీయకుండానే. "మా చిన్నాయనది. జైపాల్‌రావు అని, కరీంనగర్‌ల కంట్రాక్టరు. నన్ను చదివిచ్చింది ఆయనే."

వెనక నుంచి మాట రాలేదు. ఎంతసేపటికీ రాకపోయేసరికి మనోరమ తిరిగి చూసింది. రాయమల్లు కిటికీకి అతుక్కుపోయి బయటికి చూస్తున్నాడు. అతని పెదాలు బిగుసుకున్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదమ్మా. జర జల్ది దించున్రి నన్ను."

మనోరమ మళ్లీ స్థలాల పట్టీ తెరిచింది. ఆదిలాబాద్ పేజీ అడుగున ఇందాక చదవని చిన్న అక్షరాలున్నాయి. "కెప్టెన్ సాబ్, దీని కింద ఏదో తేదీ ఉంది. పద్దెనిమిది ఆగస్టు, ఇరవై మూడు నలభై రెండు."

"అది ఆ స్థలం దాచిన టైము. దానంతట అదే రాసుకుంటది." ప్రేమ్‌సాగర్‌రావు తెర వైపు వంగాడు. "నిన్న మధ్యాహ్నం నేను దాచిన టైము ఉండాలె. అంటే పాతది తీసేసి అదే పేరు మీద కొత్తది పెట్టిండ్రు. ఇరవై మూడు నలభై రెండంటే రాత్రి పదకొండు నలభై రెండు. ఆ టైముల షెడ్డుల పండుకునేది అహరోను ఒక్కడే."

"ఆయన అట్లాంటోడా?"

"నా బిడ్డకు జ్వరమొస్తే మోకాళ్ల మీద కూసోని ప్రార్థన చేసేటోడు. అయినా ఇంకెవరున్నరు?" అతను అద్దం మీది ఆవిరి తుడిచాడు. "ఆయన కొడుకును నేనే నౌకరిల పెట్టిచ్చిన."

గీత చివరి ముడి దగ్గరికి వచ్చింది. అతను దాని మీద దిగలేదు. దాటి ఇంకా ఉత్తరానికి, పెన్‌గంగ వైపు చదునుకు పోయాడు. అక్కడ వెనక్కి తిరిగి, నిమిషానికి మూడు వందల అడుగుల చొప్పున మబ్బులోకి దిగడం మొదలుపెట్టాడు.

తెలుపు. అద్దాల మీద నీళ్లు. రెండు వేల అయిదు వందలు. రెండు వేలు. ఇందాక ఈ ఎత్తులోనే పూలు కనిపించాయి. మనోరమ కళ్లు మూసుకోవాలనుకుంది, మూసుకోలేకపోయింది. "ముడి నాలుగు కిలోమీటర్లు. నిటారుగ." పద్దెనిమిది వందలు. పదహారు వందలు. ప్రేమ్‌సాగర్‌రావు పెదాల మధ్య లెక్కపెడుతున్నాడు. పదిహేను వందల దగ్గర ఆగాలి. అంతకన్నా కిందికి దిగే ధైర్యం అతనికి లేదు.

పదిహేను వందల యాభై. మబ్బు చిరిగింది.

నల్లరేగడి. పత్తి చేలు. చేల మధ్య నీళ్లు నిలిచిన బాట. దాని చివర గడ్డి మొలిచిన పాత రన్‌వే, దాని పక్కన తెల్ల జీపు.

రన్‌వే నడుమ మూడు బర్రెలు.

"హార్న్ లేదా సారూ?" అన్నాడు రాయమల్లు.

ప్రేమ్‌సాగర్‌రావు ఒకసారి వాటి నెత్తి మీంచి మోత మోగిస్తూ పోయాడు. రెండు పరుగెత్తాయి. మూడోది తలెత్తి కూడా చూడలేదు. జీపు దగ్గరి మనిషి గొడుగు ఊపుకుంటూ పరుగెత్తి దాన్ని తోలాడు. అతను మనోరమ క్లర్కు దశరథం. రెండో చుట్టులో చక్రాలు నేలను తాకాయి. బురద రెక్కల దాకా చిమ్మింది. విమానం జారి, వంకరపోయి, ఆగింది.

పది ముప్పై ఎనిమిది.

ఇంజన్ ఆగాక చెవుల్లో ఇంకా మోత ఉంది. ప్రేమ్‌సాగర్‌రావు నుదురు కంట్రోల్‌కు ఆనించి అలాగే ఉండిపోయాడు. మనోరమ యంత్రాన్ని ఆపబోయి ఆగింది. తెర మూలన టైము కనిపిస్తోంది.

"కెప్టెన్ సాబ్, దీని గడియారం తప్పు. అయిదు గంటల ఎనిమిది నిమిషాలంటుంది. ఇప్పుడు పదీ ముప్పై ఎనిమిది."

"తప్పు కాదు. అది గ్రీన్‌విచ్ టైము. విమానాలకు లోకమంత అదొక్కటే టైము. మనకన్న అయిదున్నర గంటలు వెనక..."

అతను తలెత్తాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మనోరమ వేళ్ల మీద కూడింది. ఇరవై మూడు నలభై రెండుకు అయిదున్నర కలిపితే రాత్రి కాదు. ఈరోజు పొద్దున అయిదు గంటల పన్నెండు నిమిషాలు.

"అయిదింటికి అహరోను నాతోని జీపుల ఉన్నడు," ప్రేమ్‌సాగర్‌రావు ఒక్కో మాటా తూచినట్టు అన్నాడు. "పెట్రోలు డ్రమ్ములు తేవడానికి ఇద్దరం నాలుగున్నరకు పోయినం. ఆరింటికి తిరిగొచ్చినం. వచ్చేసరికి విమానం ముందట టెంకాయ కొట్టి ఉంది. ఇంజన్‌కు బొట్టు పెట్టి ఉంది. మేము లేనప్పుడు పూజ చేసి పోయిండు..."

"షెడ్డు తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి అహరోను కాడ."

మనోరమ రెండోది ఎవరి దగ్గరుందని అడగలేదు. పొద్దున ఆరున్నరకు చిన్నాయన ఇంటికి ఫోను చేశాడు. పూజ చేసిన బిడ్డా, ఫికర్ చేయకుండ పో. ఆ గొంతులో తడి ఉంది. తన మీద ప్రేమ అనుకుంది.

ఆమె యంత్రాన్ని తిప్పి చూసింది. దేవుడి పటానికి పెట్టినట్టు తెర పైన ఒక చిన్న కుంకుమ బొట్టు ఉంది. అది పూజది. కానీ కింద బాణం బటన్ల మీద, స్థలం దాచే బటన్ మీద కూడా కుంకుమ ఉంది. బొట్టు పెట్టిన వేలితోనే వాటిని నొక్కారు. ఇందాక ఆమె వేలికి అంటిన ఎరుపు అదే.

"మేడం, ఆ ఘాటు రోడ్డు పదేండ్ల కింద వేసింది గూడ..." ప్రేమ్‌సాగర్‌రావు మొదలుపెట్టాడు. "అక్కడ కొండలున్నయని ఆయనకు..."

"పేరు తీయకు."

"ఆయన నన్ను గూడ..."

"తీయకు అంటున్న."

రాయమల్లు తలుపు తోసుకుని బురదలోకి దిగాడు. తువ్వాలు దులిపి మళ్లీ తలకు చుట్టుకున్నాడు. మనోరమ మొహం చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "పా, వకీలమ్మా. టైమైతుంది."

జీపు పదిహేను నిమిషాలు బురద బాటలో పోయింది. దశరథం ఒకసారి నోరు తెరిచి, వెనక సీటు చూసి మూసుకున్నాడు.

గెస్ట్‌హౌస్ హాల్లో అడుగుపెట్టేసరికి గోడ గడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. క్వారీ తరఫు వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. "...రోడ్లన్నీ మూసుకుపోయాయి. సాక్షి రాలేడు సార్. అసలు ఉన్నాడో లేడో కూడా మాకు అనుమానమే. విచారణ ముగించాలని..."

"ఉన్నడు," అంది మనోరమ గుమ్మంలోంచి.

హాల్లో అందరూ తిరిగారు. రాయమల్లు బురద కాళ్లతో నడిచివచ్చి అధికారి ముందు కుర్చీ పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడ పక్క బెంచీ మీద లచ్చవ్వ ఉంది. ముసలావిడ లేచి నిలబడలేదు, ఏడవలేదు. అతన్నే చూస్తోంది.

విచారణ అధికారి రిటైరైన జడ్జి. కళ్లద్దాలు సవరించుకుని, "అడగండి" అన్నాడు.

మనోరమ ఫైలు తెరిచింది. ప్రశ్నలు వరుసగా రాసుకుని ఉన్నాయి. మొదటివి తేలికగా గడిచాయి. పేరు, ఊరు, ఎన్నేళ్ల అనుభవం.

"పేల్చే ముందు పద్ధతేంది?"

"మూడుసార్లు సీటీ ఊదాలె. ఎర్రజెండ ఎత్తాలె. కింద ఉన్నోళ్లు పైకొచ్చి నాకు చెయ్యి చూపాలె. ఒక్కొక్కల లెక్క చూస్కోని నొక్కాలె."

"ఆరోజు?"

"ఊదిన. ఏడుగురు పైకి రాలే. నేను నొక్కలే. ఆఫీసు గుడిసెల ఫోను మోగింది. నేను చెప్పిన, ఏడుగురు రాలే సారు అని. ఆళ్లు వేరే దిక్కు నుంచి ఎక్కిండ్రు, నాకు ఖబరొచ్చింది, లారీలు ఆగి ఉన్నయి, నువ్వు నొక్కు అన్నడు. నేను మల్ల అడిగిన. నొక్కుతవా, నౌకరి ఇడుస్తవా అన్నడు." రాయమల్లు తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. "నొక్కిన."

క్వారీ వకీలు లేచాడు. "సార్, లీజు కాగితాల ప్రకారం యజమాని ఆ సంఘటనకు ముందే చనిపోయాడు. చనిపోయిన మనిషి ఫోను ఎలా చేస్తాడు?"

"అదే అడగబోతున్న," అంది మనోరమ.

తర్వాతి ప్రశ్న ఫైల్లో ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. రెండు నెలల కింద తనే గీసింది. దాన్ని అడగకుండా కూర్చోవచ్చు. సాక్షికి బాగోలేదు, గంట వ్యవధి కావాలి అనవచ్చు. ఆ గంటలో కరీంనగర్‌కు ఫోను చేయవచ్చు. తండ్రి పోయాక భుజాన ఎత్తుకుని బడికి తీసుకుపోయిన మనిషి ఫోనెత్తుతాడు. ఏదో ఒకటి చెప్తాడు. నమ్మాలనిపించేదే చెప్తాడు.

రాయమల్లు ఆమెనే చూస్తున్నాడు. వద్దంటే ఆపేస్తాను అన్నట్టున్నాయి అతని కళ్లు. రెండు నెలలు ఆ పేరు ఆమెకు చెప్పకుండా దాచింది తన భయానికి కాదని, ఆమె ఎవరి చేతిలో పెరిగిందో ముందే తెలిసేనని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. విమానం ఎవరిదన్నదే అతనికి తెలియదు.

గోడ పక్కన లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

మనోరమ ఫైలు మూసింది. ప్రశ్న చూసి చదవాల్సిన అవసరం లేదు.

"రాయమల్లూ, ఫోన్ల మాట్లాడింది ఎవలు? గొంతు గుర్తు పట్టినవా?"

"పట్టిన. ఆరేండ్లు ఆ గొంతు కిందనే పనిచేసిన."

"ఎవలిది?"

రాయమల్లు ఒకసారి నేల చూశాడు. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."

"చెప్పు. అందరికి వినపడేటట్టు చెప్పు."

అతను తలెత్తి అధికారి వైపు తిరిగాడు.

"క్వారీ అసలు ఓనరుది. కరీంనగర్ కంట్రాక్టరు జైపాల్‌రావుది."